ఆఫీసు ఎన్‌పీఎస్: పదేళ్లు వాడాక నా మాట

కంపెనీ ద్వారా తెరిచిన ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) టైర్-1 ఖాతా, అంటే రిటైర్మెంటు కోసం దాచే ప్రధాన ఖాతా, పదేళ్లకు పైగా వాడాను. ఖాతా మంచిదే. దానంతటది పడే ఎంపిక మాత్రం పాతికేళ్ల వాళ్లకు సరిపోదు.

ఏ ఎంపికా చేయకపోతే సాధారణంగా ఆటో చాయిస్‌లోని (వయసును బట్టి నిష్పత్తి దానంతటదే మారే పద్ధతి) ఎల్‌సీ50 పడుతుంది. అందులో ఈక్విటీ (షేర్ల వాటా) 35 ఏళ్ల దాకా 50 శాతం, ఆ తర్వాత తగ్గుతూ 55కి 10 శాతం. ఎల్‌సీ75 అయితే 75తో మొదలవుతుంది. కానీ దాని దిగుడు చూశారా? 36 నుంచి ఏటా 4 చొప్పున పోయి 40 ఏళ్లకు 55, 45 ఏళ్లకు 35 మిగులుతుంది. రిటైర్మెంటుకు ఇంకా 15 ఏళ్లుండగానే దాదాపు మూడింట రెండొంతుల డబ్బు బాండ్లలో ఉంటుందన్నమాట. ఆ వయసుకు ఎల్‌సీ50లోనూ 30 ఉంటుంది. పేరులో ఉన్నంత తేడా చేతికి రాదు.

కాబట్టి ఇరవైల్లో ఎల్‌సీ75 పెట్టుకుని, ఈక్విటీ 51 దగ్గరున్నప్పుడు, అంటే 41 ఏళ్లప్పుడు, ఆటోలోనే ఉన్న మరో ఎంపిక బ్యాలెన్స్‌డ్ లైఫ్ సైకిల్‌కు మారడం మేలు. అక్కడ 45 దాకా 50 నిలుస్తుంది, 55లోనూ 35 ఉంటుంది.

నిష్పత్తిని మనమే నిర్ణయించుకునే యాక్టివ్ చాయిస్‌లో 75 శాతం ఈక్విటీని చివరిదాకా ఉంచుకోవచ్చు. 50 దాటాక తగ్గించాలన్న నిబంధనను 2022లో తీసేశారు. అయితే ఆటోలో ఏటా పుట్టినరోజుకు నిష్పత్తి సర్దుతారు, యాక్టివ్‌లో ఆ పని మనదే. మార్కెట్ పెరిగితే 75 కాస్తా 80 దాటుతుంది. ఏడాదికోసారైనా చూడలేనివాళ్లు దీని జోలికి పోవద్దు.

మార్చడానికి ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా) నంబరుతో మీ సీఆర్‌ఏ (ఖాతా రికార్డులు చూసే సంస్థ; ప్రోటియన్, కేఫిన్‌టెక్, క్యామ్స్‌లలో ఏదైతే అది) సైట్‌లో లాగినై స్కీమ్ ప్రిఫరెన్స్ మార్పు ఎంచుకోవాలి. ఆ ఆప్షన్ పనిచేయకపోతే ఎంపిక హక్కును కంపెనీ తన దగ్గరే ఉంచుకుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. నిష్పత్తిని ఆర్థిక సంవత్సరంలో నాలుగుసార్లు, ఫండ్ మేనేజర్‌ను ఒక్కసారి మార్చుకోవచ్చు. మార్చగానే పాత యూనిట్లు అమ్మి కొత్త నిష్పత్తిలో కొంటారు. పన్ను పడదు. కానీ పడిపోయిన మార్కెట్‌లో భయపడి ఈక్విటీ తగ్గిస్తే నష్టం అక్కడే ఖాయమైపోతుంది. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడింది. ఆ వారంలో ప్రభుత్వ బాండ్లకు మారినవాళ్లకు మార్కెట్ తిరిగి కోలుకున్న లాభం దక్కలేదు.

జీతంలో కోత పడిన తేదీ, యూనిట్లు కొన్న తేదీ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. కంపెనీ ఆలస్యంగా జమచేస్తే ఆ రోజుల రాబడి మీకు రాదు.

కొత్త పన్ను విధానంలో మూలవేతనం, డీఏ మీద 14 శాతం దాకా యజమాని వాటాకు మినహాయింపు ఉంది, అది పెద్ద లాభం. దానికో మెలిక: పాక్షిక ఉపసంహరణ మీరు కట్టిన దానిలో 25 శాతానికే. యజమాని వాటా లెక్కలోకి రాదు. ఖాతా మొత్తం యజమాని వాటాతోనే నడుస్తుంటే, అవసరానికి తీసుకోగలిగేది సున్నా.