జాగ్రత్త: లైసెన్స్ కొనేముందు బిల్ట్‌ఇన్ నేమ్‌స్పేస్‌ల పేర్లు చూడండి

సొంత స్క్రిప్టింగ్ భాషతో వచ్చే ఆటోమేషన్ ప్యాకేజీ ఏదైనా కొనబోతున్నారా? డబ్బు కట్టకముందే ఇది చదవండి. మా టీమ్ అలాంటిదే ఒకటి తీసుకుని బాగా ఇబ్బంది పడింది.

డెమోలో అంతా బాగానే ఉంది. వేగం ఉంది, ఎడిటర్ బాగుంది. భాషతోపాటే వచ్చే (బిల్ట్‌ఇన్) నేమ్‌స్పేస్‌ల, అంటే ఫంక్షన్లను ఒక పేరు కింద గుంపుగా ఉంచే అరల, పేర్లు మాత్రం కామన్, యుటిల్, హెల్పర్, డేటా. తేదీల ఫంక్షన్లు సగం యుటిల్‌లో, సగం కామన్‌లో. ఫైల్ చదవడం డేటాలో, రాయడం హెల్పర్‌లో! కొత్తగా చేరినవాళ్లు చిన్న పనికి కూడా మాన్యువల్ తిరగేయాల్సిందే. అంతవరకే అయితే ఓర్చుకునేవాళ్లం. అసలు దెబ్బ అప్‌గ్రేడ్‌తో తగిలింది.

మేం రాసుకున్న ఒక మాడ్యూల్ (ఫంక్షన్లున్న కోడ్ ముక్క) పేరు రిపోర్ట్. కొత్త వెర్షన్‌లో వాళ్లు కూడా అదే పేరుతో బిల్ట్‌ఇన్ నేమ్‌స్పేస్ పెట్టారు. ఆ భాషలో పేర్లు కలిస్తే బిల్ట్‌ఇన్‌దే పైచేయి. రెండింట్లోనూ టోటల్ అనే ఫంక్షన్ ఉండటంతో ఎర్రర్ రాలేదు, వార్నింగూ లేదు. మాది రద్దయిన ఎంట్రీలను వదిలేసి కూడుతుంది, వాళ్లది అన్నిటినీ కలిపేస్తుంది. తప్పు మొత్తాలున్న రిపోర్టులు మా చేతులు దాటిపోయాయి. సపోర్ట్‌ను అడిగితే మీ మాడ్యూల్ పేరు మార్చుకోండి అన్నారు. తర్వాతి వెర్షన్‌లో ఇంకే పేరు తీసుకుంటారని అడిగితే జవాబే లేదు.

పేర్ల గొడవ పెద్ద భాషల్లోనూ ఉంది. పైథాన్‌లో మన స్క్రిప్ట్ పక్కనే రాండమ్ అనే ఫైల్ ఉంటే, అసలు రాండమ్ మాడ్యూల్ బదులు అదే లోడ్ అవుతుంది. దాన్ని ఆపడానికి 2022లో వచ్చిన 3.11లో ఒక ఆప్షన్ ఇచ్చారు. జావాలో లిస్ట్ అనే పేరు జావా.యుటిల్‌లోనూ ఉంది, జావా.ఏడబ్ల్యూటీలోనూ ఉంది. రెండు ప్యాకేజీలనూ స్టార్‌తో, అంటే వాటిలోని పేర్లన్నిటినీ ఒకేసారి, ఇంపోర్ట్ చేసి ఉత్త లిస్ట్ అని రాస్తే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. నాకు కావలసింది ఆ ఆపడమే. సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీ తన పేర్లను ఎస్‌టీడీ కింద పెట్టుకుంది. నోడ్ జేఎస్‌లో బిల్ట్‌ఇన్ టెస్ట్ మాడ్యూల్ కావాలంటే ముందు నోడ్ అనే ప్రిఫిక్స్, కోలన్ రాయాల్సిందే. ఉత్త టెస్ట్ అనే పేరు మిగతావాళ్లకు మిగిలింది. డబ్బు తీసుకుని అమ్మేవాళ్లు ఈపాటి జాగ్రత్త తీసుకోకపోవడం నాకు క్షమించరానిదిగా అనిపిస్తోంది.

ట్రయల్ వెర్షన్ చేతికి రాగానే, ఏదో ఒక బిల్ట్‌ఇన్ పేరుతోనే మీ మాడ్యూల్ ఒకటి రాసి నడిపి చూడండి. ఎర్రర్ వస్తే మంచిదే. నోరు మూసుకుని ఏదో ఒకటి నడిస్తే అనుమానించండి. బిల్ట్‌ఇన్‌లన్నిటికీ ఒకే ప్రిఫిక్స్ ఉందా, కొత్తవి కూడా దాని కిందే వస్తాయా అన్నది మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్ మాట చాలదు. పాత రిలీజ్ నోట్స్ తిరగేస్తే పైస్థాయి పేర్లు ఎంత విచ్చలవిడిగా చేర్చారో తెలిసిపోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు మీ మాడ్యూళ్లన్నిటికీ సంస్థ పొట్టిపేరు ముందు తగిలించండి. అప్‌గ్రేడ్‌కు ముందూ తర్వాతా ఒకే డేటాతో మొత్తాలు పోల్చండి. మేం రీఫండ్ అడిగాం. కొత్త పేర్లు చేర్చడం లోపం కిందికి రాదని ఒప్పందంలోనే ఉందట. సంతకం పెట్టేముందు ఆ క్లాజ్ ఉందేమో వెతకండి.