తొట్లకొండ మీద ఎనిమిది వందల వేషాలు

మనిషికి 799 రూపాయలు, పిల్లలకి 499. మావారు, నేను, అత్తయ్య గారు, ఆరో తరగతి చదివే మావాడు, అంతా కలిపి 2,896. ఈ డబ్బుకి విశాఖ దగ్గర తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువుల జీవితాన్ని కళ్లకు కట్టినట్టు చూపిస్తామని వాట్సాప్‌లో ఒక పోస్టర్ వచ్చింది. వేషధారణ, ధ్యానం, ప్రాచీన భోజనం, చరిత్రకారుడితో ముఖాముఖి, అన్నీ ఉంటాయన్నారు. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయను. విశాఖలో ఇలాంటి ‘హెరిటేజ్ అనుభవాలు’ అమ్మేవాళ్లు ఈమధ్య బాగానే తయారయ్యారు కాబట్టి, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి.

పొద్దున్న ఆరున్నరకల్లా కొండ మీద ఉండాలన్నారు. లాడ్జి నుంచి క్యాబ్‌కి 640 పెట్టుకుని వెళ్లాం. (లాడ్జి గురించి ఒక్క మాట. రోజుకి 2,200 తీసుకున్న ఆ గదిలో సముద్రం కనబడేది బాత్రూమ్ కిటికీలోంచి మాత్రమే.) కార్యక్రమం మొదలైంది ఎనిమిదింబావుకి. అంతసేపూ ఒక కుర్రాడు స్పీకర్ బాక్సు వైరు కోసం వెతుకుతూనే ఉన్నాడు.

తర్వాత భిక్షువులు వచ్చారు. కాషాయం రంగు పాలిస్టర్ గుడ్డ, భుజం మీద పిన్నీసు. వాళ్లలో ఒకడి చెవిలో ఇయర్‌బడ్ అలాగే ఉంది. మావాడు అది చూసి పకపకా నవ్వాడు, ఆ రోజు పొద్దున్న వాడు నవ్వింది ఆ ఒక్కసారే. ఆ వెనకాలే నలుగురు కలిసి ఫైబర్ బుద్ధ విగ్రహాన్ని మోసుకొచ్చి మహాస్తూపం ముందు పెట్టి, బంతిపూల దండ వేసి, అందరినీ లేచి నిలబడమన్నారు.

నాకు అక్కడే ఒళ్లు మండింది. తొట్లకొండ హీనయాన ఆరామం, అంటే తొలినాటి బౌద్ధ శాఖ భిక్షువులు ఉండే చోటు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా ఇక్కడ నడిచింది స్తూపానికీ బుద్ధుడి పాదముద్రలకీ మొక్కే సంప్రదాయం. విగ్రహం పెట్టుకోకపోవడమే వాళ్ల ప్రత్యేకత. అదే అడిగితే యాంకరు, ‘మేడమ్, ఫొటోల్లో బాగుంటుందని’ అన్నాడు. ముఖాముఖి అన్న చరిత్రకారుడికి జ్వరం వచ్చిందట. ఆయన బదులు ఇదే యాంకరు చేతిలో కాగితం పట్టుకుని, అశోకుడు ఈ కొండ మీద మూడు నెలలు ఉన్నాడని చెప్పేశాడు. ఎక్కడిదీ కథ?

దీనికంటే నాకు కష్టమనిపించింది ఇంకొకటి. రీల్స్ కోసం ఇద్దరు ‘భిక్షువులు’ స్తూపం గోడ మీదకెక్కి కూర్చున్నారు. 2019 అక్టోబరు వానలకి ఈ మహాస్తూపం ఒక పక్క కూలిపోతే మళ్లీ కట్టారు. దిగమని మావారు చెబితే, ‘అంకుల్, ఒక్క నిమిషం’ అన్నారు. మావారికి నలభై రెండేళ్లు. అంకుల్ అనిపించుకున్న బాధ ఆయనకి సాయంత్రం దాకా పోలేదు.

ఇక భోజనం. అత్తయ్య గారికి షుగర్. పన్నెండింటికి పెడతామన్నారు కదా అని మాత్ర వేసుకుని కూర్చున్నారు. పొట్లాలు వచ్చేసరికి రెండుంబావు. మధ్యాహ్నం దాటాక భిక్షువులు భోజనం చేయకూడదని వాళ్ల నియమావళి ‘వినయం’ చెబుతుంది. అంటే మేము భిక్షువులమే అయితే ఆ రోజు పస్తే! పొట్లం విప్పితే టమాటా రైస్, ఆలూ కుర్మా, పక్కన ఒక మిరపకాయ బజ్జీ. టమాటా, బంగాళాదుంప, మిరప, ఈ మూడూ పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చేదాకా మనవాళ్లకి తెలియవు. ప్రాచీన భోజనంలో ప్రాచీనమైనది ఏదైనా ఉందంటే ఆ బజ్జీ వేయించిన నూనే. సజ్జ రొట్టెలో, పెసలు వేసిన పులగమో, చివర్లో ఇంత బెల్లమో పెట్టినా సంతోషంగా తినేవాళ్లం.

డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే జీఎస్టీ కట్టేశామన్నారు. అత్తయ్య గారు గొంతు పెంచాక, తర్వాతి కార్యక్రమానికి పది శాతం తగ్గింపు కూపన్ చేతిలో పెట్టారు.

అసలు తొట్లకొండని మేము చూసింది దీని తర్వాతే. పైన చెట్టు కింద ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకుంటున్న ముసలమ్మ, అడ్డపొగ తాగుతూ (నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చడం మావాడు మొదటిసారి చూశాడు, కళ్లు అలాగే ఉండిపోయాయి), ‘ఏటమ్మా, ఆ యేసాలు అయిపోనాయా?’ అంది. అత్తయ్య గారి పుట్టిల్లు అనకాపల్లి పక్కన. ఆ యాస వినగానే చీర సర్దుకుని ఆవిడ పక్కనే కూర్చున్నారు. రెండు నిమిషాల్లో ‘అమ్మా’ పోయి ‘అప్పా’ (ఆ వైపు అక్కని అలా పిలుస్తారు) వచ్చింది.

ఈ కొండని తవ్వినప్పుడు ఆవిడ కూలికి వచ్చిందట! నేవీ వాళ్లు స్థావరం కోసం పై నుంచి సర్వే చేస్తుంటే 1976లో ఈ శిథిలాలు బయటపడ్డాయి. పురావస్తు శాఖ తవ్వకాలు మొదలైంది 1988లో, ఆ తర్వాత కొన్నేళ్లు సాగాయి. ‘కొత్త కోడలుగా వచ్చినాను. మా అత్తతో కలిసి మట్టి గంపలెత్తీదాన్ని. జల్లెడ పట్టి, సిన్న పెంకు దొరికినా సారుకి ఇచ్చీవోలం’ అంది. శాతవాహనుల నాణేలతో పాటు రోమ్ వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయని నేను చెబితే, ‘ఎండిదే గానీ మాకు సూపించినారేటి!’ అని నవ్వింది.

తట్ట మీద గుడ్డ కప్పేసి మా వెంట వచ్చింది. కొండకి ఈ పేరు తెచ్చిన తొట్టి దగ్గర, రాతిలో తొలిచిన అంచు మీద, మావాడి చెయ్యి పట్టుకుని ఆనించింది. ఉలి దెబ్బలు వరసగా, ఏటవాలుగా, వేలికి ఇప్పటికీ గరుగ్గా తగులుతాయి. ‘ఇది నిండా మట్టే ఉండీది బాబూ. లోపలికి దిగి తోడినాం’ అంది. కొండ మీద బావి లేదు, వాగు లేదు. వంద మందికి పైగా భిక్షువులు ఏడాది పొడవునా బతికింది ఈ వాన నీటి మీదే. అక్కడి నుంచి వంటశాల వైపు, తర్వాత విహారం వైపు. 72 గదులు, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత. మావాడు ఒక గదిలో పడుకుని కొలత చూసుకున్నాడు. పొద్దుటి నుంచీ ఇంటికెళ్దామని గొడవ చేసిన పిల్లాడు, ‘అమ్మా, వీళ్లు బొగ్గుతో గోడల మీద ఏమైనా రాశారా?’ అని అడిగాడు.

అత్తయ్య గారు రెండు వందలు ఇవ్వబోతే తీసుకోలేదు. తట్టలో మిగిలిన కాయలన్నీ 180కి కొనేశాం. తిరుగు ప్రయాణం బస్సులో. భీమిలి రోడ్డు మీద సిటీ బస్సులు దొరుకుతూనే ఉంటాయి, కాకపోతే కొండ దిగి కింద రోడ్డు దాకా రావాలి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి ఉచితం కాబట్టి మా ఇద్దరికీ సున్నా, మావారికి 35, బాబుకి సగం. పొద్దుటి 640కి ఇదొక ఊరట.

మర్నాడు భీమిలి. డచ్చివాళ్ల సమాధులు, గంటస్తంభం, ఒడ్డున వేయించిన చేపలు, సాయంత్రానికి వెనక్కి. విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు ఉంటుంది, దాన్ని మాత్రం వదలకండి.

రాయాల్సింది కురుసుర గురించి. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన సబ్‌మెరైన్. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్లు. టికెట్ ఒక సినిమా టికెట్‌కి మించదు. వేషాలు లేవు, మైకు లేదు. లోపల చూపించేది నేవీలో చేసి రిటైరైన పెద్దాయన.

గుండ్రటి తలుపు దగ్గర మోకాళ్లు చూసుకుని అత్తయ్య గారు ఆగిపోయారు. ఆయన చెయ్యి అందించి, ‘అమ్మగారూ, ముందు కాలు, తర్వాత తల. తల ముందు పెట్టినవాళ్లకి బొప్పి గ్యారంటీ’ అన్నారు. అలా ప్రతి తలుపూ దాటించారు. ముందు వైపు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. ఆ టార్పెడోల పక్కనే పడకలు. డెబ్బై మందికి పైగా ఈ 91 మీటర్ల గొట్టంలో వారాల తరబడి ఉండేవాళ్లు. పైకి తేలినప్పుడు డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడం, మునిగాక వాటి మీదే నడవడం. స్నానం మాట మర్చిపోవడమే, మొహం కడుక్కోవడానికి కూడా నీళ్లు లెక్కే. ‘మరి వాసన రాదా?’ అన్నాడు మావాడు. ‘అందరికీ ఒకటే వాసన బాబూ, ఇంక ఎవరికి తెలుస్తుంది?’ అన్నారాయన. వంటగది చూపిస్తూ, సముద్రం అడుగున పూరీ వేయించడం ఎంత కష్టమో చెప్పారు. టార్పెడో కంటే ఎక్కువసేపు పూరీ గురించే చెప్పారు. నాకూ అదే గుర్తుండిపోయింది.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధం మాట వచ్చేసరికి అత్తయ్య గారు అందుకున్నారు. అప్పటికి ఆవిడకి ఎనిమిదేళ్లు. రాత్రి అయితే వీధిలో లైట్లు ఆర్పమని కేకలు, వాళ్ల నాన్నగారు బల్బు చుట్టూ కాగితం చుట్టడం, దీపం లేక అన్నం చీకట్లోనే కలుపుకోవడం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ దగ్గర మునిగింది ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి తర్వాతే. మా వెనక వస్తున్న ఒడిశా కుటుంబం కూడా ఆగి విన్నారు, పెద్దాయన ఆవిడ మాటల్ని వాళ్లకి హిందీలో చెప్పారు. ఇన్నేళ్లలో ఈ కథ ఆవిడ మాకెప్పుడూ చెప్పలేదు. మావారు ‘నాకూ తెలీదే’ అని నా వైపు చూశారు.

వెళ్లేవాళ్లకి నా సలహా. కురుసురకి సోమవారం సెలవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రద్దీ లేనప్పుడు వెళ్లండి, వెనక జనం తోస్తుంటే ఆ తలుపులు దాటలేరు. తొట్లకొండకి నీళ్ల సీసా, టోపీ, ఇంటి పులిహోర పట్టుకెళ్లండి. పోస్టర్‌లో ‘అనుభవం’ అన్న మాట కనబడితే, మాట్లాడేది ఎవరో ముందు ఫోన్ చేసి అడగండి. పేరు చెప్పకపోతే కట్టొద్దు.

కనుమకి అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ తీర్థానికి వెళ్దామని అత్తయ్య గారి ప్లాన్. ఆవిడ చిన్నప్పుడు అక్కడ పొట్టలా ఉబ్బిన రాయిని రాక్షసుడి బొజ్జ అని జనం రాళ్లతో కొట్టేవారట. బౌద్ధ కట్టడం పాడవుతుందని ఆ తర్వాత ఆపించారు, తీర్థం మాత్రం ఇప్పటికీ జరుగుతుంది. ఆ కూపన్‌కి డిసెంబరు దాకా గడువుందని మావారు మధ్యలో గుర్తుచేశారు. అత్తయ్య గారు ఒక్క చూపు చూశారు, ఆయన లేచి బండి తుడవడానికి వెళ్లిపోయారు.