శబరిమల దర్శనం తర్వాత రెండు రోజులు: పత్తనంతిట్ట జిల్లాలో ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

మాల వేసుకుని వెళ్లే తెలుగు స్వాముల్లో చాలామంది పత్తనంతిట్ట జిల్లాను సగం నిద్రలో, బస్సు కిటికీలోంచి చూసి వచ్చేస్తారు. చెంగన్నూరులో రైలు దిగడం, నిలక్కల్, పంపా, కొండ, మళ్లీ చెంగన్నూరు. మిగతా జిల్లా అలాగే ఉండిపోతుంది. 1982 నవంబరు 1న ఏర్పడిన ఈ చిన్న జిల్లాలో సగానికి పైగా అడవే. పంపా, అచ్చన్‌కోవిల్, మణిమల నదులు మూడూ ఇక్కడ పారుతున్నాయి. దర్శనమయ్యాక ఒక్క పూటలో అన్నీ చుట్టేద్దామనుకుంటే ఏదీ దక్కదు. రెండు రోజులు పెట్టుకోండి, ఒకటి కోన్నికి, ఇంకొకటి గవికి. గుళ్లను మాత్రం కొండెక్కక ముందే చూసేయండి.

ఈ వరుసకు కారణముంది. తల మీద ఇరుముడి ఉన్నప్పుడు పందళం, ఆరన్ములలో ఆగడం యాత్రలో భాగమే, దారి కూడా కలిసొస్తుంది. ఏనుగుల శిబిరం దగ్గరో, పుట్టి ఎక్కే రేవులోనో ఇరుముడి ఎక్కడ దించాలో తెలియక గుంపులో సగం మంది గట్టునే కూర్చోవాల్సి వస్తుంది. అందుకే అడవి చోట్లు దర్శనం తర్వాతే.

ముందు పందళం. చెంగన్నూరు నుంచి అరగంట ప్రయాణం. అచ్చన్‌కోవిల్ ఒడ్డున వలియకోయిక్కల్ గుడి, పక్కనే రాజకుటుంబం వారి ఇళ్లు. మణికంఠుడు పెరిగిన రాజ్యం ఇదేనని నమ్మిక. మకరజ్యోతి నాడు స్వామికి అలంకరించే తిరువాభరణాలు ఏటా సాధారణంగా జనవరి 12న ఇక్కడి నుంచే నడకన బయల్దేరి 14 సాయంత్రానికి సన్నిధానం చేరతాయి. సీజన్లో, ఊరేగింపుకు ముందు, ఆ నగలను ఇక్కడ దర్శించుకోవచ్చు. కొండ మీద తోపులాటలో క్షణం కూడా కనిపించని నగలు ఇక్కడ తీరిగ్గా చూడొచ్చు. మిగతా నెలల్లో అయితే ఇది ప్రశాంతమైన చిన్న గుడి, గంట చాలు.

ఆరన్ములకు మాత్రం పూట కేటాయించండి. చెంగన్నూరుకు సుమారు 10 కిలోమీటర్లు. పంపా ఒడ్డున పార్థసారథి ఆలయం, 108 దివ్యదేశాల్లో ఒకటి, నమ్మాళ్వార్ పాడిన క్షేత్రం. తూర్పు గోపురానికి 18 మెట్లు ఎక్కాలి, ఉత్తర ద్వారం నుంచి నదికి 57 మెట్లు దిగాలి. శబరిమలలో మండల పూజకు అయ్యప్ప స్వామికి తొడిగే బంగారు కవచం, తంక అంకి, ఉండేదీ ఇక్కడే. తిరువాంకూరు మహారాజు సమర్పించిన ఆ అంకి డిసెంబరు నాలుగో వారంలో ఇక్కడి నుంచే ఊరేగింపుగా కొండకు వెళుతుంది. తెలుగువాళ్లు పొరపాటుపడేది వేళల దగ్గర. మన గుళ్లలా మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుందనుకుని పన్నెండింటికి వెళితే తలుపులు మూసి ఉంటాయి, మళ్లీ తెరిచేది సాయంత్రం ఐదింటికే. పొద్దున తొమ్మిదిలోపు చేరుకోండి. మగవాళ్లు చొక్కా, బనియన్ తీసే లోపలికి వెళ్లాలి.

జూలై మధ్య నుంచి అక్టోబరు తొలి రోజుల దాకా ఇక్కడ వళ్ల సద్య, అంటే పడవల విందు, జరుగుతుంది. పళ్లియోడం అనే పాము పడవల్లో తెడ్డు వేసేవాళ్లు పాట పాడుతూ ఒక్కో వంటకం అడుగుతారు, అడిగింది వడ్డించాల్సిందే. అరవైకి పైగా రకాలుంటాయి. ఇది ఎవరో ఒక భక్తుడి మొక్కుబడి భోజనం కాబట్టి నేరుగా వెళ్లి కూర్చుంటే కుదరదు, ముందే పాసు ఉండాలి. అష్టమి రోహిణి (కృష్ణాష్టమి) నాడు మాత్రం వచ్చిన అందరికీ వడ్డిస్తారు. మామూలు రోజుల్లో వెళ్లేవాళ్లు దీని కోసం ఆశపడొద్దు.

ఇక ఆరన్ముల కన్నాడి. గాజు లేని అద్దం ఇది. రాగి, తగరం కలిపి పోత పోసి, రోజుల తరబడి రుద్ది మెరుగు పెడతారు. ఏ లోహం ఎంతన్నది కొన్ని కుటుంబాల గుట్టు. భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువు. కొనేముందు పరీక్ష సులువు: పెన్ను మొనను అద్దానికి ఆనించి చూడండి. మామూలు అద్దంలో మొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య గాజు మందమంత ఖాళీ కనిపిస్తుంది. అసలు కన్నాడిలో రెండు మొనలూ అంటుకునే ఉంటాయి, ఎందుకంటే వెలుగు తిరిగేది పై లోహం నుంచే. చిన్న సైజుకే వేలల్లో ధర ఉంటుంది. రోడ్డు పక్కన వందల్లో అమ్మేది కన్నాడి కాదు. ఇంటికి తెచ్చాక వేలితో తాకితే మచ్చ పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే మెరుపు పోతుంది. దానితో ఇచ్చిన మెత్తటి గుడ్డతోనే తుడవాలి. నాలుగు వస్తువులు కొనే డబ్బుతో ఇదొక్కటి కొనుక్కోండని చెబుతాం.

కొండ దిగాక మొదటి రోజు కోన్ని. పత్తనంతిట్ట పట్నానికి సుమారు 11 కిలోమీటర్లు, బస్సులు బాగానే తిరుగుతాయి. తిరువాంకూరులో తొలి రిజర్వు అడవిగా 1888లో ప్రకటించింది ఈ కోన్ని అడవినే. ఊళ్లోనే ఏనుగుల శిబిరం ఉంది. ఇక్కడ తీరిగ్గా చూడాల్సింది ఆనక్కూడు, అంటే ఏనుగుల బోను. 1942లో కట్టారు. కంబకం కర్ర దూలాలను ఒకదాని మీద ఒకటి బిగించి చేసిన ఈ బోను పక్కన నిలబడితే మనిషి పిల్లవాడిలా కనిపిస్తాడు. గోతిలో పడిన అడవి ఏనుగును మచ్చికైన కుంకీ ఏనుగుల సాయంతో లాక్కొచ్చి ఇందులో పెట్టి లొంగదీసేవారు. ఏనుగులను పట్టడం 1977లో నిషేధించాక బోను పని తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా మందనుంచి తప్పిపోయిన గున్నలను ఇక్కడికి తెచ్చి పెంచుతారు. తెరిచే వేళకే, అంటే పొద్దున తొమ్మిదికల్లా వెళితే వాటి స్నానం, తిండి చూడొచ్చు. మధ్యాహ్నం వెళితే నీడలో గొలుసుతో నిలబడ్డ ఏనుగులే కనిపిస్తాయి, చిన్నపిల్లలకు విసుగొస్తుంది. సోమవారం సెలవు, ప్లాను వేసేటప్పుడు గుర్తుంచుకోండి. పక్కనున్న చిన్న మ్యూజియంలో ఏనుగులు పట్టే పనిముట్లున్నాయి, పావుగంట పెట్టుకోండి.

అక్కణ్నుంచి తన్నిత్తోడు దారిలో సుమారు 16 కిలోమీటర్లు వెళితే అడవి అనే చోటు. అవును, పేరే అడవి, మన మాటే వాళ్ల మాటా. ఇక్కడ కల్లార్ నదిలో పుట్టి ఎక్కిస్తారు. మలయాళంలో కుట్టవంచి అంటారు గానీ కృష్ణ, తుంగభద్రల్లో తిరిగిన పుట్టే ఇది. ఒక పుట్టికి నలుగురు, తెడ్డు వేసే మనిషి వేరు, లైఫ్ జాకెట్ తప్పనిసరి. పొట్టి ట్రిప్పు, పొడుగు ట్రిప్పు అని రెండున్నాయి. పొడుగుదే తీసుకోండి. పొట్టిది నిలకడ నీళ్లలో ఓ చుట్టు తిరిగి రావడంతోనే అయిపోతుంది. పొడుగుదానిలో రెండువైపులా చెట్లు వంగిన మలుపులు, చిన్న చిన్న వడులు దాటతారు. చిక్కల్లా నీటితోనే. మార్చి దాటితే నది సన్నబడి పొడుగు ట్రిప్పు ఆపేస్తారు, వాన జోరుగా ఉంటే రెండూ ఆపేస్తారు. అక్టోబరు నుంచి జనవరి దాకా నమ్మకంగా వెళ్లొచ్చు. ఆదివారం, ఓణం సెలవుల్లో టోకెను తీసుకుని గంటల తరబడి కూర్చోవాలి. పది మంది గుంపైతే మూడు పుట్టిలు కావాలి, బరువు సరిచూసి వాళ్లే పంచుతారు, కలిసే కూర్చుంటామని పట్టుబట్టొద్దు. తిరుగుదారిలో మన్నీర జలపాతం దగ్గర పిల్లలు కూడా దిగగలిగేంత లోతే ఉంటుంది. పైన గట్టిగా వాన పడిన రోజున మాత్రం దిగొద్దు.

రెండో రోజు గవి. ఈ జిల్లాలో మా మొదటి ఓటు దీనికే, గుంపులు ఎక్కువ తప్పులు చేసేదీ ఇక్కడే. సముద్రమట్టానికి సుమారు 3,400 అడుగుల ఎత్తు, పెరియార్ పులుల అభయారణ్యం పరిధి. రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థకు యాలకుల తోటలున్నాయి. 1964లో భారత, శ్రీలంక ప్రధానులు చేసుకున్న శాస్త్రి–సిరిమావో ఒప్పందం తర్వాత శ్రీలంక నుంచి వచ్చిన తమిళ కుటుంబాలే ఆ తోటల్లో పనికి కుదిరాయి. అందుకే ఈ మారుమూల అడవిలో మలయాళం కన్నా తమిళం ఎక్కువ వినిపిస్తుంది, తమిళం ముక్కలొచ్చిన తెలుగువాళ్లకు ఇది అక్కరకొస్తుంది.

దారులు రెండు. వండిపెరియార్ వైపు నుంచి వస్తే దగ్గర, సుమారు 28 కిలోమీటర్లే. కానీ గవి అందమంతా ఆంగమూళి వైపు నుంచి వచ్చే పొడుగాటి దారిలోనే ఉంది. మూళియార్ దగ్గర కొండ మీంచి జారే లావాటి నీటి గొట్టాలు, కక్కి, ఆనత్తోడు ఆనకట్టలు, ఆ తర్వాత పంపా ఆనకట్ట, అన్నీ శబరిగిరి జల విద్యుత్ పథకానివే. కక్కి, ఆనత్తోడు వేర్వేరు ఆనకట్టలైనా వెనకున్న జలాశయం ఒక్కటే. దారి పొడవునా గడ్డి కొండలు, వాటి మడతల్లో షోలా అనే గుబురు అడవి. అడవి దున్నలు, ఏనుగులు, నల్ల కోతులు, ఎర్రని పెద్ద ఉడత, అదృష్టముంటే సింహం తోక కోతి కనిపిస్తాయి. గవిలో ఒక చోటి నుంచి, మంచు లేని పొద్దున, అడవి నడుమ శబరిమల సన్నిధానం కనిపిస్తుంది. దర్శనానికి మనం నిలబడిన చోటు అంత పచ్చదనంలో అంత చిన్నగా కనిపించడం స్వాములెవరికైనా మనసు నింపే దృశ్యం.

ఆంగమూళి దాటాక కొచ్చాండి చెక్‌పోస్టు దగ్గర పాసు చూపాలి. ప్రైవేటు వాహనాలను రోజుకు పరిమిత సంఖ్యలోనే వదులుతారు, ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, బైకులకు అనుమతి లేదు. మనవాళ్లు ఎక్కువగా పెద్ద బస్సుల్లో, టెంపోల్లో వస్తారు. ఆ బళ్లతో చెక్‌పోస్టు దాకా వెళ్లి వెనక్కి తిరగడం ఏటా చూసే సంగతే. ఇరుకు రోడ్డు, కొండ మలుపులు, పెద్ద బండికి అది దారి కాదు. దీనికి మంచి మందు పత్తనంతిట్ట కేఎస్‌ఆర్‌టీసీ, అంటే కేరళ ఆర్టీసీ డిపో. బడ్జెట్ టూరిజం ప్యాకేజీలో అడవి ప్రవేశ రుసుము, గవి చెరువులో పడవ, మధ్యాహ్న భోజనం కలిసే ఉంటాయి. బుక్ చేసేటప్పుడే శాకాహారమని చెప్పండి, మాలలో ఉంటే మరీ ముఖ్యం. ఇంకా చవకగా కావాలంటే పత్తనంతిట్ట నుంచి గవి మీదుగా కుమిళి వెళ్లే మామూలు బస్సుంది. అది తెల్లవారుజామునే బయల్దేరుతుంది, కూర్చునే చోటు కావాలంటే డిపోలోనే ఎక్కాలి. వేళ ముందు రోజు రాత్రి డిపోలో అడిగి ఖాయం చేసుకోండి. ఇది ఊళ్లవాళ్ల బస్సు, ఫోటోల కోసం ఆపమంటే ఆపరు. కిటికీ సీటు కోసం పెద్దవాళ్లను లేపొద్దు.

సొంత బండిలో వెళ్లేవాళ్లు ఆంగమూళికి ముందే ట్యాంకు నింపుకోవాలి, అడవిలో బంకు లేదు. ఫోను సిగ్నలు చాలామేర ఉండదు, మ్యాపు ముందే దించుకోండి. మలుపులకు వాంతులయ్యేవాళ్లు బయల్దేరే అరగంట ముందే మాత్ర వేసుకోవాలి, మధ్యలో వేసుకుంటే పనిచేయదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జలగలు విపరీతం. మాలలో చెప్పుల్లేకుండా వెళ్లేవాళ్లకు ఇది నిజమైన బాధ, ఒక గుడ్డలో ఉప్పు మూట కట్టుకుని కాలికి రుద్దుకోండి. పీకి పారేస్తే రక్తం ఎక్కువసేపు కారుతుంది, ఉప్పు తగిలితే అదే వదులుతుంది. కొండచరియలు విరిగినా, ఎండాకాలం కార్చిచ్చు భయమున్నా దారి మూసేస్తారు, కాబట్టి తిరుగు రైలు మరునాటికి పెట్టుకోండి.

పెరుందేనరువి జలపాతం రాన్ని వైపు, పంపానది మీదే ఉంది. ఫోటోల్లో చూసి ఎత్తుగా దూకే జలపాతం అనుకుంటారు. నిజానికి వెడల్పాటి రాతి పరుపు మీద నీళ్లు జారుతూ కిందికి దిగుతాయి. చూడ్డానికి బాగుంటుంది, దిగడానికి కాదు. నీటి ఒరవడికి రాతిలో గుండిగల్లాంటి గోతులు పడ్డాయి. పైన మోకాలి లోతు, పక్క అడుగులోనే నిలువు లోతు, పైగా సుడి. ఎందరో మునిగిపోయిన చోటిది. నాచు పట్టిన రాతి మీద ఒట్టి కాళ్లు కూడా జారతాయి. పిల్లలున్న కుటుంబాలు దీన్ని వదిలేసి మన్నీరకు వెళ్లడమే మంచిది.

తిండి దగ్గర రెండు మాటలు. భోజనానికి లావాటి ఎర్ర మట్ట అన్నం వస్తుంది, పడనివాళ్లు పచ్చరి (పచ్చిబియ్యం) అన్నం ఉందా అని ముందే అడగాలి. గ్లాసులో గులాబీ రంగు వేడినీళ్లు పెడితే పారబోయొద్దు, అది పదిముగం చెక్క వేసి కాచిన మంచినీళ్లు. బస పత్తనంతిట్టలోగానీ కోన్నిలోగానీ తీసుకోండి, తిరువల్ల వైపు తీసుకుంటే గవి బస్సు అందదు. ఇక నెల విషయానికొస్తే, మండల సీజన్లో రోడ్లు, గదులు, బస్సులు అన్నీ యాత్రికులతోనే నిండిపోతాయి. మలయాళ నెల మొదటి ఐదు రోజులు కూడా గుడి తెరుస్తారు, మన లెక్కలో సుమారుగా నెల మధ్యలో. అక్టోబరులో ఆ ఐదు రోజుల్లో దర్శనం పెట్టుకుంటే పుట్టికి నీళ్లుంటాయి, జలగలు తగ్గుతాయి, గది బేరమాడి తీసుకోవచ్చు.