అమ్మ అర్రలో రాడార్ సెన్సార్: 14 నెలల వాడకం తర్వాత

దేవరకొండలో అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. కెమెరా పెడతానంటే "పెడితే నేనీ ఇంట్ల ఉండ బిడ్డా, చీర మార్చుకోవాలన్నా భయమైతది" అంది. చేతికి వాచీ కట్టుకోదు. ఫోనేమో దేవుడి గూట్లో పడి ఉంటుంది. అందుకే ఫొటో తీయకుండా, ఒంటి మీద ఏమీ లేకుండా, రేడియో తరంగాలతోనే మనిషి ఉన్నదీ లేనిదీ చెప్పే 24 గిగాహెర్ట్జ్ రాడార్ సెన్సార్ పెట్టాను.

అంతకుముందు మెట్ల లైట్లకు వాడే పీఐఆర్ సెన్సార్ పెట్టి చూశాను. అది ఒంటి వేడిని చూసి పనిచేస్తుంది. మే నెల నల్లగొండ ఎండకు అర్రే ఒంటి వేడికి దగ్గరగా కాలుతుంటే దానికి తేడా ఏం తెలుస్తుంది? అమ్మ ఎదురుగా నడిచినా పట్టలేదు. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులు రెండు పెట్టి, వాటి మధ్య తరంగాల్లో వచ్చే మార్పుతో మనిషిని పట్టాలని కూడా ప్రయత్నించాను. నడిస్తే తెలిసేది, కూర్చుంటే మాయమయ్యేది. ఆ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, ఈ రాడార్ వాడే 24 గిగాహెర్ట్జ్‌ది 12.5 మిల్లీమీటర్లే. ఊపిరి తీస్తే ఛాతీ కదిలేది కొన్ని మిల్లీమీటర్లు. ఆ కాస్త కదలికే ఈ చిన్న తరంగానికి బాగా కనబడుతుంది. అమ్మ మంచం మీద మెదలకుండా పడుకున్నా "ఉంది" అంటుంది. నాకు కావలసింది అదే.

తిప్పలు పెట్టింది ఫ్యాను. ఏప్రిల్‌లో అమ్మ ఫ్యాను ఆపడం మరిచి రెండు రోజులు యాదగిరిగుట్ట పోయింది. తిరిగే రెక్కల కదలికకు ఆ రెండు రోజులూ ఇంట్లో మనిషి ఉన్నట్టే వచ్చింది, నేనూ నిశ్చింతగా ఉన్నాను. సంగతి తెలిశాక భయమేసింది. చేనుకు పోయి తిరిగి రాకపోయినా ఇలాగే చెప్పేది కదా! తర్వాతి సెలవులో సెన్సార్‌ను గోడ మీది నుంచి దించి, మంచం ఎత్తున పెట్టాను. దూరాన్ని 0.75 మీటర్ల ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి సున్నితత్వం మార్చుకోవచ్చు. ఫ్యాను పడే ముక్కల్లో తగ్గించాను. ఈ పనికి ఓపిక లేనివాళ్లు కొనకండి.

మా రాతిగోడ దాటి చూడదు గానీ చెక్క తలుపు దాటుతుంది. వాకిట్లో ఎవరు నిలబడ్డా లెక్కలోకి వస్తారు. వసారా రేకులకు తరంగాలు తగిలి వెనక్కి రావడంతో అక్కడ పెట్టడమే మానేశాను. ఉన్నది అమ్మో పక్కింటి వదినో చెప్పదు. కరెంటు పోతే అన్నీ బంద్.

స్నానాల గదిలోనూ ఒకటి పెడదామని మొన్న దసరాకు అడిగాను. ఫొటో రాదు కదా అని మూడుసార్లు అడిగి, ఒప్పుకుంది.