బెజవాడలో మకాం పెట్టి చూసిన చేతిపనులు: కొండపల్లి, పెడన, మంగళగిరి

బెజవాడ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దుర్గమ్మ దర్శనం చేసుకుని, ప్రకాశం బ్యారేజీ మీద ఒక ఫోటో దిగి బండెక్కేస్తారు. కాస్త తీరిక ఉంటే ఊళ్ళో గది తీసుకుని చుట్టుపక్కల చేతిపని ఊళ్ళు చూడొచ్చు. ఇబ్రహీంపట్నం దాటితే కొండపల్లి బొమ్మలు, బందరు వైపు వెళితే పెడన కలంకారీ, కృష్ణ దాటితే మంగళగిరి చేనేత. మా వదినకు బొమ్మల కొలువంటే ప్రాణం. నాకు బట్టల పిచ్చి. మా పాపకు రంగులు ముట్టుకోనిస్తే చాలు, ఎక్కడైనా కూర్చుంటుంది. అలా మూడూ చుట్టాం. చూశాక నేను చెప్పేది ఒక్కటే: షాపులో కొనే ముందు ఆ వస్తువు తయారవుతుండగా చూడండి. ధర ఎక్కువా తక్కువా అన్నది అప్పుడు తెలుస్తుంది.

ముందు కొండపల్లి, ఎందుకంటే పూట మొత్తం ఇవ్వదగ్గది అదే. బెజవాడ నుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు. హైదరాబాద్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళి కుడివైపు తిరగాలి. నెహ్రూ బస్టాండు నుంచి సిటీ బస్సులున్నాయి, కాజీపేట లైనులో రైల్వే స్టేషనూ ఉంది. మేం కారు మాట్లాడుకున్నాం, అది అనవసరపు ఖర్చే అయింది. డ్రైవరు బొమ్మల కాలనీకి కాకుండా రోడ్డు మీద ఒక పెద్ద షాపు ముందు ఆపి, "ఇక్కడ అన్నీ దొరుకుతాయండీ, లోపలికి వెళ్తే దుమ్మే" అన్నాడు. ఎవరికి కమీషన్ వస్తుందో అడగక్కర్లేదు. ఆ షాపులో కొండపల్లి బొమ్మల పక్కనే ఎక్కడెక్కడివో ప్లాస్టిక్ బొమ్మలు కూడా ఉన్నాయి. బస్సులో వెళ్ళి, దిగి, బొమ్మల కాలనీ ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

కాలనీలో ఇల్లే షాపు, వరండాయే పనిచోటు. గ్యాలరీ అనుకుని వెళితే నిరాశపడతారు. లైట్లు, అద్దాల బీరువాలు, వివరం చెప్పే బోర్డులు ఏమీ ఉండవు. ఒక ఇంటి ముందు మగాయన కాళ్ళ మధ్య కట్టెముక్క పెట్టుకుని ఉలితో చెక్కుతుంటాడు, లోపల ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగులేస్తుంటారు. "చూడొచ్చా అండీ?" అంటే కాదనరు. కొనకపోయినా మొహం మాడ్చుకోరు, కానీ అక్కడే గంట కూర్చుని ఊరికే లేచి రావడం మనకే బాగుండదు.

ఆ కట్టె పేరు తెల్ల పొణికి. కొండపల్లి కొండల్లో పెరిగే చెట్టు. చేత్తో పట్టుకుంటే అసలు బరువున్నట్టే ఉండదు, అంత తేలిక. ముక్కలుగా కోశాక సన్నని సెగ మీద నిదానంగా ఆరబెట్టి తేమ పోగొడతారు. పచ్చి మిగిలిపోతే బొమ్మ తర్వాత పగులుతుంది. నేను అంతవరకూ బొమ్మ మొత్తం ఒకే చెక్కలో చెక్కుతారనుకునేదాన్ని. అలా కాదు. ఒళ్ళు వేరు, చేతులు వేరు, తలమీద బుట్ట వేరు. అన్నీ విడివిడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికిస్తారు. దాన్ని మక్కు అంటారు. అది జిగురు మాత్రమే కాదు, భుజం వంపు, ముక్కు, చీర కుచ్చిళ్ళు కూడా ఆ ముద్దతోనే తేలతాయి. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, తెల్లపూత వేసి, అప్పుడు రంగు. కళ్ళు చివర్న దిద్దుతారు. అక్కడ రంగులేస్తున్న పెద్దావిడ మా పాప చేతికి ఒక పాత కుంచె ఇచ్చి, "ఎద్దుకు మూపురం నువ్వు వెయ్యమ్మా" అని కూర్చోబెట్టింది. ఎద్దు కాస్తా నీలం రంగు పూసుకుంది. ఆమె నవ్వి దాన్నే మాకు అమ్మింది, ధర మాత్రం తగ్గించలేదు!

ఈ పని చేసేవాళ్ళను ఆర్యక్షత్రియులంటారు. కొన్ని వందల ఏళ్ళ కిందట తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని వాళ్ళే చెప్పుకుంటారు. ఇప్పుడు వాళ్ళ అసలు బాధ కట్టె. పొణికి దొరకడం కష్టమైపోయింది, దొరికినా ధర పెరిగింది. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోతున్నారు. ఆ మాట ఏడుస్తూ ఏమీ చెప్పలేదు, "వెళ్ళనీయండమ్మా, వాళ్ళైనా కుర్చీలో కూర్చుని పని చేసుకుంటారు" అన్నాడు చెక్కుతున్నాయన.

ఏం కొనాలన్నది మీ ఇష్టమే గానీ, నా మట్టుకు దశావతారాల సెట్టు కంటే పల్లె బొమ్మలే బాగా నచ్చాయి. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, గంగిరెద్దులవాడు, రోట్లో దంచే ఆడవాళ్ళు. దేవుళ్ళ ముఖాలు అచ్చుపోసినట్టు ఉంటే, వీళ్ళ ముఖాల్లో మాత్రం చేసినవాళ్ళ చెయ్యి కనిపిస్తుంది. వదిన అంబారీ ఏనుగు తీసుకుంది. చిన్నవి వందల్లోనే వస్తాయి, దశావతారాలు, అంబారీ లాంటివి వేలల్లోకి వెళ్తాయి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే ఇవి వద్దు. గట్టిగా లాగితే చెయ్యి ఊడుతుంది, రంగుల మీదా నాకు నమ్మకం లేదు. అలాంటి పిల్లలకు ఏటికొప్పాక బొమ్మలు నయం. అవి అంకుడు కర్రను తిప్పుతూ చెక్కి లక్క రంగు పట్టించినవి, గుండ్రంగా నున్నగా ఉంటాయి. నగరంలో ప్రభుత్వం వాళ్ళ హస్తకళల దుకాణం లేపాక్షి షోరూములో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి, పోల్చుకోవచ్చు. లేపాక్షిలో ధర కాగితం మీద ఉంటుంది, బేరం తలనొప్పి లేదు. పని చూసే వీలు మాత్రం లేదు.

పిల్లలకు వర్క్‌షాపులా నేర్పించాలనుకుంటే ముందురోజే వెళ్ళి ఒక ఇంటివాళ్ళతో మాట్లాడుకోండి. వాళ్ళు పని ఆపి మన దగ్గర కూర్చున్నంతసేపూ వాళ్ళకు బొమ్మ తయారవదు. ఆ సమయానికి డబ్బు ఇస్తామని మనమే చెప్పాలి, వాళ్ళు అడగరు. దసరా, సంక్రాంతికి ముందు మాత్రం అడక్కండి. ఆర్డర్ల టెన్షన్‌లో ఉంటారు.

మిగిలిన పూట కొండపల్లి ఖిల్లాకు పోవచ్చు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించారు. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, ఇంగ్లీషువాళ్ళు వరసగా పట్టుకున్నారు. కొండెక్కే దారి బాగానే ఉంది. పైన నీడ తక్కువ కాబట్టి పొద్దున్నే ఖిల్లా చూసి, ఎండెక్కే వేళకు కాలనీ వరండాల్లోకి దిగితే సుఖం.

బస విషయానికొస్తే, ఈ మూడు ఊళ్ళకూ అనువైన ఒకే చోటంటూ లేదు. కొండపల్లి ముఖ్యమనుకుంటే భవానీపురం వైపు ఉండండి. అక్కడ కృష్ణ ఒడ్డున టూరిజం వాళ్ళ హరిత బెరం పార్కు ఉంది, సాయంత్రం నది గాలే సగం విశ్రాంతి. మంగళగిరి, పెడన వైపయితే బెంజి సర్కిల్ చుట్టుపక్కల గదులు నయం. రైలు దిగి వెంటనే పడుకోవాలంటే గాంధీనగర్, గవర్నర్‌పేట. మేం దిగిన ఒక హోటల్లో గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. కింద ఫంక్షన్ హాలుందని బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు. అర్ధరాత్రి దాకా డీజే. రిసెప్షన్‌కు ఫోన్ చేస్తే "పెళ్ళి కదా మేడమ్" అన్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో గది తీసుకునే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి. దసరా నవరాత్రుల్లో అయితే గది దొరకడమే గగనం. తిండికి బెజవాడలో వెతుక్కోనక్కర్లేదు. పొద్దున గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలుండదు.

పెడన బందరు దగ్గర. గుడివాడ మీదుగా రైలుంది, స్టేషనూ ఉంది. దూరం ఎక్కువ కాబట్టి బట్ట మీద ఆసక్తి లేనివాళ్ళను బలవంతంగా తీసుకెళ్ళకండి. వదిన దారి పొడుగునా సణిగింది, అక్కడికి వెళ్ళాక మాత్రం నన్ను కదలనివ్వలేదు! ఇక్కడిది టేకు అచ్చులతో అద్దే కలంకారీ, కాళహస్తిలో లాగా కలంతో గీసేది కాదు. బట్టను ముందు కరక్కాయ రసంలో ముంచి ఆరేస్తారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు, ఆ వాసన గురించి చెప్పకపోవడమే మంచిది. ఎరుపు సంగతే నాకు అన్నిటికన్నా నచ్చింది. అచ్చుతో అద్దేది రంగు కాదు, పటిక నీళ్ళు. అప్పుడు ఎరుపేమీ కనిపించదు. తర్వాత వేర్లు, బెరళ్ళు వేసి పెద్ద కాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు తేలుతుంది. ఉడికే కాగు చూడాలని అడిగి మరీ వెళ్ళండి, లేకపోతే అచ్చు వేసే బల్ల చూపించి పంపేస్తారు. వానాకాలంలో బట్ట ఆరదు, పని సగం ఆగుతుంది.

కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు అమ్మేవాళ్ళు బెజవాడలోనే కాదు, పెడనలో కూడా ఉన్నారు. అంచు గీతలు ఎక్కడా చెదరకుండా, ప్రతి పువ్వూ ఒకేలా ఉంటే అనుమానించండి. చేత్తో వేసిన అచ్చు ఎక్కడో ఒకచోట కాస్త పక్కకు జరుగుతుంది. స్క్రీన్ ప్రింటు కొనడం తప్పని అనను. స్క్రీన్ ప్రింటే అని చెప్పి అమ్మితే చాలు.

మంగళగిరికి వేరే ప్లాన్ అక్కర్లేదు. పానకాల స్వామికి పానకం పోసి వచ్చే దారిలోనే గుంట మగ్గాలున్న (నేసేవాళ్ళు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే మగ్గాలు) ఇళ్ళు తగులుతాయి. మగ్గం చప్పుడు విని లోపలికి తొంగిచూస్తే చాలు. చీర ఒళ్ళంతా సాదాగా, చిన్న చిన్న గోపురాల్లాంటి జరీ నేత ఉండే నిజాం అంచుతో ఉంటుంది. వేసవికి దీన్ని మించింది నాకు తెలీదు. బెజవాడ ఊళ్ళో బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం కూడా చూశాం. 1887లో విక్టోరియా జూబిలీ పేరిట పునాది వేసిన భవనం, శిల్పాలు బాగున్నాయి. బొమ్మలూ మగ్గాలూ చూశాక వెళితే మాత్రం చప్పగా అనిపిస్తుంది, అందుకే మొదటి రోజే చూసేయండి.

బొమ్మలను మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. పాత న్యూస్‌పేపర్ చుట్టి, చేతిసంచిలో ఒళ్ళో పెట్టుకోండి. చెయ్యి విరిగితే మామూలు జిగురు సరిపోతుందని కొండపల్లిలోనే చెప్పారు.