ఎనిమిదేళ్లుగా ఉపగ్రహ సమయం: నెట్‌వర్కు గడియారానికి జీపీఎస్ రిసీవర్లు వాడిన అనుభవం

మా నెట్‌వర్కులో నలభైకి పైగా యంత్రాలున్నాయి. ఒకనాడు ఏదో లోపానికి కారణం వెతుకుతూ రెండు సర్వర్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రశ్న అందకముందే జవాబు వెళ్లిపోయినట్టు కనిపించింది. అంటే ఆ రెండింటి గడియారాలు కలవడం లేదు. బయటి సర్వర్ల నుంచి సమయం తెచ్చుకునేటప్పుడు ఇలాంటి తేడా రావడం సహజమే. నెట్‌వర్కు మీదుగా గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ పద్ధతి తన ప్రశ్న వెళ్లడానికీ జవాబు రావడానికీ సమానంగా సమయం పడుతుందనుకుని లెక్క కడుతుంది కాబట్టి, ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉంటే అందులో సగం మన గడియారంలో దోషంగా మిగిలిపోతుంది. ఆ దోషాన్ని వదిలించుకోవడానికే, జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సమయాన్ని నేరుగా అందుకునే రిసీవర్లు తెచ్చాను.

మొదట కొన్నది యూఎస్‌బీకి తగిలించే మామూలు రిసీవరు. దారి చూపడానికి అది చక్కగా పనికొస్తుంది, సమయానికి పనికిరాదు. అది సమయాన్ని అక్షరాల వరుసగా పంపుతుంది. ఆ వరుస కంప్యూటరుకు చేరే క్షణం, కనబడే ఉపగ్రహాల సంఖ్యను బట్టీ లోపలి ప్రాసెసరు మీది పనిని బట్టీ, పదుల మిల్లీసెకన్ల మేర అటూ ఇటూ అవుతుంటుంది. బయటి సర్వర్లే దీనికన్నా నయమని వారం తిరక్కుండానే తేలిపోయింది.

రెండోది టైమింగ్ కోసమే చేసిన రిసీవరు. ఇది సెకనుకొక పల్స్‌ను విడి తీగ మీద ఇస్తుంది. అక్షరాల వరుస ‘ఇది ఫలానా సెకను’ అని చెబితే, ఆ సెకను సరిగ్గా ఎక్కడ మొదలైందో పల్స్ చెబుతుంది. దాన్ని సీరియల్ పోర్టులోని డీసీడీ అనే పిన్నుకు కలిపి, దాని రాకను లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం కేంద్రభాగమైన కెర్నల్‌తోనే నమోదు చేయించి, గడియారాన్ని సరిదిద్దే క్రోనీ అనే ప్రోగ్రాముకు అప్పగించాక, సర్వరు గడియారపు తేడా ఒకటి రెండు మైక్రోసెకన్లకు దిగింది. అదే పల్స్‌ను యూఎస్‌బీ మార్పిడి తీగ గుండా పంపి చూస్తే ఆ సూక్ష్మతలో చాలా భాగం దారిలోనే పోయింది, ఎందుకంటే ఆ తీగను కంప్యూటరు మిల్లీసెకనుకొకసారి మాత్రమే పలకరిస్తోంది. అందుకే రిసీవరు ధర గురించి అడిగేవారిని, ముందు మీ యంత్రానికి అసలైన సీరియల్ పోర్టు ఉందా అని అడుగుతుంటాను.

యాంటెన్నాను కొంతకాలం కిటికీ దగ్గర పెట్టాను. ఎదుటి గోడల నుంచి తిరిగి వచ్చే సంకేతాల వల్ల పల్స్ స్థిరంగా ఉండేది కాదు. పైకప్పు మీద, నలువైపులా ఆకాశం కనిపించే చోట బిగించి, రాత్రంతా తన స్థానాన్ని కొలుచుకోనిచ్చాక ఆ ఇబ్బంది తీరింది. స్థానం ఒకసారి తెలిసిపోతే సమయానికి ఒక్క ఉపగ్రహం కనబడినా చాలు, స్థానం కొలిచేటప్పుడు కావలసినట్టు నాలుగు అక్కర్లేదు. తీగ జాప్యం మీటరుకు సుమారు 5 నానోసెకన్లు కాబట్టి, 30 మీటర్ల తీగకు 150 నానోసెకన్లను సెట్టింగుల్లో రాశాను. నిజానికి మామూలు సర్వర్లకు అంత పట్టింపు అవసరం లేదు.

నన్ను బాగా కలవరపెట్టినవి రెండు ఘటనలు. ఒకసారి యాంటెన్నా కనెక్టరులోకి వాన నీరు దిగి సంకేతం పూర్తిగా ఆగిపోయింది, పల్స్ మాత్రం ఆగలేదు. రిసీవరు తన లోపలి గడియారపు స్ఫటికం మీద ఆధారపడి పల్స్‌లు పంపుతూనే ఉంది. అలాంటి స్ఫటికం పది లక్షల్లో ఒక వంతు తప్పినా రోజుకు 86 మిల్లీసెకన్లు జారిపోతుంది. ఉపగ్రహాలు అందనప్పుడు పల్స్‌ను ఆపేసే సెట్టింగు ఆ రిసీవరులోనే ఉంది, కానీ పెట్టెలోంచి తీసినప్పుడు అది అమర్చి ఉండదు. కొన్న రోజే దాన్ని మార్చుకోవాలి.

రెండోది తేదీకి సంబంధించినది. జీపీఎస్ వారాల లెక్క పది బిట్లలో వస్తుంది కాబట్టి ప్రతి 1024 వారాలకు సున్నా అవుతుంది. 1999 ఆగస్టులోనూ 2019 ఏప్రిల్‌లోనూ అలా అయింది. ఫర్మ్‌వేర్ (రిసీవరు లోపలి సాఫ్ట్‌వేర్) తనదైన ఆధార తేదీ నుంచి లెక్కించుకుంటే ఈ గండం ఆ రిసీవరుకు మరేదో రోజున వస్తుంది. నా పాత రిసీవరు ఒక తెల్లవారుజామున పందొమ్మిదేళ్లు దాటి వెనక్కి వెళ్లిపోయింది. పల్స్ మాత్రం ఎప్పటిలాగే సరిగ్గా వస్తోంది! క్రోనీకి మరో నాలుగు బయటి సర్వర్లను కూడా ఇచ్చి ఉంచడం వల్ల అది ఈ రిసీవరు మాటను పక్కన పెట్టింది, యంత్రాలకు ఏమీ కాలేదు. ఒక్క రిసీవరునే నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది.

లీప్ సెకన్ల విషయంలోనూ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకన్ల విషయంలోనూ, కొంచెం ఓపిక కావాలి. జీపీఎస్ సమయం వాటిని కలుపుకోదు కాబట్టి 2017 నుంచి యూటీసీకన్నా 18 సెకన్లు ముందుంది. ఆ అంకెతో కూడిన పూర్తి సందేశం ఉపగ్రహం నుంచి రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. చాలాకాలం ఆపి ఉంచిన పాత రిసీవరును వెలిగిస్తే, అది తన ఫర్మ్‌వేర్‌లోని పాత అంకెతోనే కాసేపు సమయం చెబుతుంది. అందుకని నేను ఇరవై నిమిషాలు ఆగాకే దాన్ని నెట్‌వర్కుకు కలుపుతున్నాను.

టైమింగ్ రిసీవరుతో నాకు పూర్తి తృప్తి ఉంది, మళ్లీ కొనాల్సి వస్తే అలాంటిదే కొంటాను. ఇప్పుడు దాని పక్కన యూరప్ ఉపగ్రహ వ్యవస్థ గెలీలియో సంకేతాలను మాత్రమే తీసుకునేలా అమర్చిన వేరే తయారీ రిసీవరును విడి యాంటెన్నాతో నడుపుతున్నాను. ఆ రెండూ ఒకదాన్నుంచి ఒకటి మైక్రోసెకను దాటి విడిపోతే నాకు సందేశం వస్తుంది.