స్పీడులో స్టీరింగ్ వణికితే ముందు చక్రం విప్పించండి, పార్టులు తర్వాత

విజయవాడ, గుంటూరు కారు ఓనర్లకు, ముఖ్యంగా ఈ చలికాలంలో సొంత బండి మీద మనాలి, కశ్మీర్ వైపు వెళ్లొచ్చినవాళ్లకు ఈ హెచ్చరిక. ఎనభై దాటితే బండి వణుకుతోందని చెప్పగానే, చక్రం కూడా విప్పకుండా సస్పెన్షన్ (చక్రాలను బండికి కలిపి కుదుపులు తగ్గించే భాగాలు) పోయిందని తేల్చేసే షాపుకి తాళం ఇవ్వకండి. మా దగ్గర అలా చెప్పే 27 వేలు తీసుకున్నారు. వణుకు మాత్రం అలాగే ఉంది.

డిసెంబరులో కుటుంబంతో మనాలి వెళ్లాం. అటల్ టన్నెల్ దాటాక రోడ్డంతా మంచు, దాని కింద బురద. ముందు చక్రాలకు అద్దె గొలుసులు కట్టించుకుని నిదానంగా నడిపాం. మైదానంలోకి దిగి స్పీడు పెంచేసరికి స్టీరింగ్ వణకడం మొదలైంది. ఇంటికొచ్చాక వారధి దాటి మంగళగిరి వైపు వెళ్తూ గమనించాను. 60లో ఏమీ లేదు. 85 నుంచి 100 మధ్య స్టీరింగ్ ఒకటే వణుకు. ఇంకొంచెం పెంచితే కాస్త తగ్గుతోంది.

ఈ వివరాలన్నీ నగరంలోని ఒక పెద్ద మల్టీబ్రాండ్ వర్క్‌షాపులో చెప్పాను. సూపర్‌వైజర్ బండిని ఆవరణలోనే ఒక చుట్టు తిప్పి, బానెట్ మీద రెండుసార్లు నొక్కి, "కొండల్లో తిప్పారు కదా సార్, లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్లు పోయాయి" అన్నాడు. ఆవరణలో ముప్పైకి మించి స్పీడు వెళ్లదు. వందలో వచ్చే వణుకు అక్కడ ఎలా తెలుస్తుంది? ఆ సస్పెన్షన్ పార్టులు మార్చారు, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేశారు. పాత పార్టులు చూపించమంటే స్క్రాపుకి వెళ్లిపోయాయన్నారు. బిల్లులో "సస్పెన్షన్ వర్క్" అని ఒక్క లైను, పార్ట్ నంబరు లేదు. వణుకు తగ్గలేదని మళ్లీ తీసుకెళ్తే ఈసారి నాలుగు టైర్లూ మార్చాలన్నారు. అక్కడి నుంచి బండి తెచ్చేసుకున్నాం.

ఆటోనగర్‌లో ఒక చిన్న టైర్ల షాపు పెద్దాయన మొదట అడిగిన ప్రశ్న, "వణికేది స్టీరింగా, సీటా అండీ?" అని. స్టీరింగ్ అన్నాను. ముందు చక్రాలు విప్పి లోపలి వైపు చూపించారు. రిమ్ లోపల ఒక పక్కన బురద ఎండి గట్టిగా పేరుకుపోయి ఉంది. రెండో చక్రానికి అతికించిన బ్యాలెన్సింగ్ వెయిటు (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా పెట్టే చిన్న ముక్క) ఊడిపోయి, దాని గుర్తు మాత్రం మిగిలింది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఎక్కిస్తే బురద ఉన్న చక్రంలో 55 గ్రాముల తేడా చూపించింది. గీకేసి, కడిగి, కొత్త వెయిట్లు వేశారు. నాలుగు చక్రాలకూ కలిపి వెయ్యి కూడా కాలేదు. కాజా టోల్ దాకా వెళ్లొచ్చాం, స్టీరింగ్ నిలకడగా ఉంది.

మంచు రోడ్ల మీద జరిగేది ఇదే. తడి మంచు, బురద కలిసి రిమ్ లోపలికి చేరి గడ్డకడతాయి. మంచు కరిగిపోయినా బురద మిగిలిపోతుంది. గొలుసులు తగిలి వెయిట్లు ఊడిపోవచ్చు. మంచు కింద కనిపించని గుంతలో పడితే రిమ్ వంగుతుంది. మన దగ్గర వర్షాకాలంలో పొలం దారుల్లో తిరిగిన బండ్లకూ ఈ బురద బెడద ఉంటుంది.

షాపుకి వెళ్లే ముందు వణుకు ఎప్పుడు వస్తోందో మీరే చూసి పెట్టుకోండి. ఒక స్పీడు దగ్గర మొదలై, పెంచితే తగ్గేది ఎక్కువగా బ్యాలెన్సింగ్ సమస్యే. స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కులు చూపించాలి. యాక్సిలరేటర్ తొక్కితే వచ్చి, వదిలితే పోతే, ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల మీద అనుమానం. బండి ఒక పక్కకి లాగడం, టైరు ఒకవైపే అరగడం అలైన్‌మెంట్ గుర్తులు. స్టీరింగ్ వణుకుకి అలైన్‌మెంట్ ఒక్కటే మందు అంటే నమ్మకండి. బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు) అరిగినా వణుకు ఎక్కువవుతుంది, కాదనను. కానీ బండిని లిఫ్ట్ ఎక్కించి, చక్రం ఊపి, ఆ లూజు మీ కళ్లకు చూపించాలి.

టైరు పక్క గోడ మీద ఉబ్బు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి, అది ఎప్పుడైనా పేలొచ్చు. స్టెప్నీ వేసుకుని నిదానంగా షాపుకి వెళ్లండి. కొత్త టైరు కొనేటప్పుడు దాని మీది నాలుగంకెలు చదవండి. 2322 అంటే 2022లో 23వ వారం తయారీ. పాత స్టాకు అంటగట్టేవాళ్లున్నారు.

పని మొదలుపెట్టే ముందే పాత పార్టులు నాకే ఇవ్వాలని జాబ్ కార్డులో (చేయాల్సిన పని షాపువాళ్లు రాసుకునే కాగితం) రాయించండి. పార్ట్ నంబర్లతో జీఎస్టీ బిల్లు అడగండి. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. బిల్లు, బ్యాలెన్సింగ్ మెషీన్ రీడింగ్ ఫోటో, రిమ్ లోపలి బురద ఫోటోలు జాగ్రత్త చేశాం. వర్క్‌షాపు నుంచి సమాధానం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదు.